ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న ఔట్‌బోర్డ్ మోటార్: తాడు లాగే ముందు చేయాల్సిన పనులు

ముందు ఒక్క మాట, దయచేసి ఆ స్టార్ట్ చేసే తాడు ఇంక లాగకండి.

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. మీ మామయ్యగారి 15 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ మోటార్ (పడవ వెనక తగిలించేది), రెండు సిలిండర్లు, కార్బొరేటర్ రకం, ఎనిమిదేళ్లుగా షెడ్డులో స్టాండు మీదే ఉంది. చివరిసారి ఉప్పునీళ్లలో తిరిగింది, తర్వాత మంచినీళ్లతో కడిగారో లేదో తెలియదు, ట్యాంకులో పాత పెట్రోల్ అలాగే ఉంది. మీరు రెండుసార్లు తాడు లాగితే బిగుతుగా కదిలింది. కొత్త పెట్రోల్ పోసి, కొత్త ప్లగ్గులు పెట్టి గట్టిగా లాగితే స్టార్ట్ అవుతుందా అని మీ ప్రశ్న.

అవ్వొచ్చు. చాలా మోటార్లు అవుతాయి కూడా. నా భయమంతా అదే. టూ స్ట్రోక్ ఇంజన్‌కి ఆయిల్ విడిగా అందదు, పెట్రోల్‌తో కలిసే వస్తుంది. కార్బొరేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రం, అంటే జెట్, సగం పూడుకుపోయి ఉంటే పెట్రోల్ తగ్గుతుంది, దాంతోపాటు ఆయిలూ తగ్గుతుంది, మండే మిశ్రమం పలచబడి వేడి పెరుగుతుంది, అంటే వేడి ఎక్కువైన సమయంలోనే ఆయిల్ తక్కువవుతుంది. పైగా ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు తోడే రబ్బరు ఇంపెల్లర్ ఎనిమిదేళ్లుగా ఒకే వంపులో నలిగి గట్టిపడి ఉంటుంది. ఈ రెండూ కలిసిన మోటార్ చక్కగా స్టార్ట్ అయ్యి, కాసేపు బాగా తిరిగి, ఆ తర్వాత పిస్టన్ పట్టేస్తుంది. షెడ్డులో ఉన్నప్పుడు బాగు చేయగలిగిన ఇంజనే, ఆ కాస్సేపటిలో బాగుకాకుండా పోతుంది. అందుకే ఇది స్టార్ట్ అవుతుందా అనేది చివరి ప్రశ్నగా పెట్టుకోండి. ముందు ఇంజన్ స్వేచ్ఛగా తిరుగుతోందా, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకుని పుట్టే ఒత్తిడి) ఉందా, స్పార్క్ ఉందా, నీళ్లు ఎక్కుతాయా, పెట్రోల్ శుభ్రంగా అందుతుందా, ఇవి తేలాలి. ఇందులో ఏదీ మెకానిక్ మాత్రమే చేయగల పని కాదు, మంచి పానాల సెట్టు, ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్, ఓపిక ఉంటే చాలు.

రెండు ప్లగ్గులూ విప్పండి. విప్పే ముందు చుట్టూ ఉన్న మట్టి బ్రష్‌తో తీసేయండి, లేకపోతే అదంతా సిలిండర్‌లో పడుతుంది. ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటి ఉంది. మోటార్ నిలువుగా ఉన్నప్పుడు సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉంటాయి, ప్లగ్గు రంధ్రంలోంచి ఆయిల్ పోస్తే సగం బయటికే కారిపోతుంది. మోటార్‌ని పూర్తిగా టిల్ట్ చేయండి, అప్పుడు ప్లగ్గు రంధ్రాలు పైకి తిరుగుతాయి. ఒక్కో సిలిండర్‌లో ఒక టేబుల్ స్పూన్ చొప్పున తుప్పు వదిలించే పలచటి నూనె గానీ, టూ స్ట్రోక్ ఆయిల్ గానీ పోసి ఒక రాత్రి అలా వదిలేయండి. పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి దిగడానికి దానికి టైమ్ కావాలి.

మర్నాడు గేరు న్యూట్రల్‌లో పెట్టి, పైనున్న బరువైన చక్రాన్ని, అంటే ఫ్లైవీల్‌ని, చేత్తో తిప్పండి. పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కునే తిప్పాలి, వెనక్కి వద్దు, వెనక్కి తిప్పితే ఇంపెల్లర్ రెక్కలు ఎదురు వంగి విరుగుతాయి. తేలిగ్గా తిరిగితే సంతోషం. బిగుతుగానే ఉంటే పొడవాటి రాడ్డు తగిలించి బలం మాత్రం చూపించకండి. ప్రొపెల్లర్ ఉండే కింది భాగాన్ని, అంటే గేర్ కేసుని, ఎలాగూ విప్పాలి కాబట్టి దాన్ని ముందే విప్పేసి, మళ్లీ ఫ్లైవీల్ తిప్పి చూడండి. ఇప్పుడు హాయిగా తిరిగిందా, బిగుతు ఇంపెల్లర్ ఉండే పంపులోనో గేర్లలోనో ఉందన్నమాట, ఇంజన్ బాగానే ఉంది. ఇంకా బిగుతుగానే ఉంటే రింగులు సిలిండర్ గోడకి తుప్పుతో అంటుకుని ఉండొచ్చు. ఇంపెల్లర్ విడిపోయింది కాబట్టి ఇప్పుడు కొద్దికొద్దిగా ముందుకీ వెనక్కీ ఆడించవచ్చు. మళ్లీ నూనె పోయండి, మళ్లీ ఆగండి. కొన్ని మోటార్లు ఒక రోజులో వదులుతాయి, కొన్నిటికి వారం పడుతుంది. తొందరపడి సుత్తి తీసుకున్నవాళ్లు రింగులు విరగ్గొట్టుకున్నారు, అంతకుమించి సాధించిందేమీ లేదు.

ఇంజన్ వదులయ్యాక, గేర్ కేసు ఇంకా విప్పి ఉండకపోతే విప్పేసి (ఎలాగో కింద చెప్పాను), కంప్రెషన్ చూడండి. గేజ్ ఎవరిదగ్గరైనా అడిగి తెచ్చుకోవచ్చు. రెండు ప్లగ్గులూ తీసేసి ఉండాలి, ప్లగ్గు వైర్లు రెండూ ఇంజన్ బాడీకి తగిలించి ఉండాలి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, గేజ్ ముల్లు ఇంక పెరగదు అనేవరకు తాడు లాగాలి. తాడు లాగవద్దని పైన చెప్పి ఇక్కడ లాగమంటున్నానని అనుకోకండి, సిలిండర్‌లో ఆయిల్ పడింది, ఇంజన్ స్వేచ్ఛగా తిరుగుతోంది, గేర్ కేసు విప్పి ఉంది కాబట్టి ఎండిపోయిన ఇంపెల్లర్‌ని తిప్పే గొడవా లేదు. మీరిద్దాకా లాగినప్పుడు ఇవేవీ లేవు. ఈ సైజు టూ స్ట్రోకుల్లో మామూలుగా 90 నుంచి 120 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దాకా చూస్తుంటాం. కానీ అంకె ఎంత అన్నదానికంటే రెండు సిలిండర్ల మధ్య తేడా ఎంత అన్నది ముఖ్యం, 10 శాతం లోపు ఉంటే నిశ్చింతగా ముందుకెళ్లండి. ఒకటి బాగా తక్కువ వచ్చిందని వెంటనే నిరాశపడొద్దు. ఎక్కువకాలం కదలని ఇంజన్‌లో రింగులు గాడిలో జిగురుపట్టి ఉంటాయి, కాసేపు నడిచి వేడెక్కాక వదులై అంకె పెరగడం మామూలే. అయితే ఒక సిలిండర్ 60కి కూడా రాకపోతే మాత్రం పార్టుల మీద డబ్బు పెట్టడం ఆపి, హెడ్ విప్పి సిలిండర్ గోడ మీద గీతలున్నాయేమో చూడాలి.

స్పార్క్ విషయంలో మొదట చూడాల్సింది అన్నిటికంటే చిన్నది: నడిపేవాళ్లు నీళ్లలో పడిపోతే ఇంజన్ ఆగిపోవడానికి పెట్టే ఎర్రతాడు, దాని క్లిప్పు. అది స్విచ్చుకి తగిలించి లేకపోతే ఎంత లాగినా స్పార్క్ రాదు. షెడ్డులో ఎనిమిదేళ్లున్న మోటార్‌కి ఆ క్లిప్పు ఎక్కడో పోయి ఉంటుంది, పాపం ప్లగ్గులకి స్పార్క్ కరెంటు పంపే కాయిల్స్ కొన్న తర్వాత ఈ సంగతి తెలిసినవాళ్లున్నారు. క్లిప్పు ఉన్నా స్పార్క్ లేకపోతే, స్టాప్ స్విచ్చు వైరుని ఇంజన్ దగ్గర విడదీసి మళ్లీ చూడండి, తుప్పుపట్టిన స్విచ్చు లోపలే కలిసిపోయి ఇంజన్‌ని ఆపేస్తూ ఉండొచ్చు. అయితే ఆ వైరు విడదీసి ఉన్నంతసేపూ బటన్‌తో ఇంజన్ ఆగదు, కాబట్టి స్టార్ట్ చేసే ముందు తప్పకుండా కలపాలి. పరీక్షకి స్పార్క్ టెస్టర్ వాడండి, వైరుని చేత్తో పట్టుకుని చూడటం వద్దు, ప్లగ్గు రంధ్రం పక్కన స్పార్క్ కొట్టించడం అసలే వద్దు, అక్కడ నూనె ఆవిరి ఉంటుంది. రెండిటికీ రాకపోతే స్విచ్చు, ఎర్త్ వైరు, స్టేటర్ (ఫ్లైవీల్ కింద కరెంటు పుట్టించే భాగం) వైపు వెతకండి. ఒక్కదానికే రాకపోతే కాయిల్స్ అటూ ఇటూ మార్చి చూస్తే లోపం కాయిల్‌తోపాటు కదిలిందో లేదో తెలిసిపోతుంది. బాగా పాత మోడల్ అయితే ఫ్లైవీల్ కింద పాయింట్లు (స్పార్క్ కరెంటుని కలిపి విడదీసే చిన్న స్విచ్చులు) ఉంటాయి, వాటి మీద పొరలా తుప్పు పడుతుంది, సన్నటి ఎమెరీ పేపర్‌తో రుద్ది శుభ్రమైన గుడ్డతో తుడిస్తే చాలాసార్లు స్పార్క్ వచ్చేస్తుంది. ఫ్లైవీల్ తీయడానికి పుల్లర్ వాడాలి, క్రాంక్ (ఇంజన్ ప్రధాన షాఫ్టు) చివర సుత్తితో కొట్టడం వద్దు. ఎలుకలు కొరికిన వైర్లు ఉన్నాయేమో కూడా ఓసారి చూడండి.

ఇక అసలు పని, కింది భాగం. ముందు గేర్ ఆయిల్. గేర్ కేసు నిలువుగా ఉంచి, కింద గిన్నె పెట్టి, కింది స్క్రూ, తర్వాత పై స్క్రూ విప్పండి. స్క్రూ ఏదో మాన్యువల్‌లో చూసి విప్పండి, ఎందుకంటే కొన్ని గేర్ కేసుల మీద పక్కనే ప్లస్ గుర్తు తల ఉన్న ఇంకో స్క్రూ ఉంటుంది, అది లోపల గేరు మార్చే మీటని పట్టుకుని ఉండే పిన్ను, దాన్ని విప్పితే ఆ మీట జారిపోయి గేర్ కేసు మొత్తం తెరవాల్సి వస్తుంది. బయటికొచ్చే ఆయిల్‌ని జాగ్రత్తగా చూడండి. నల్లగా ఉంటే పాతది, అంతే. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే సీళ్లు పోయి నీళ్లు చేరాయి. ముందు విడిగా నీళ్లు కారి, తర్వాత ఆయిల్ వస్తే, ఆ నీళ్లు అడుగున ఎనిమిదేళ్లు కూర్చున్నట్టు, బేరింగులు తుప్పుపట్టి ఉండే అవకాశం ఎక్కువ, సీళ్లు మార్చి సరిపెట్టుకోకుండా గేర్ కేసు తెరిచి చూడాలి. ప్రొపెల్లర్ తీసి దాని వెనక షాఫ్టు చుట్టూ గాలం నైలాన్ దారం చుట్టుకుని ఉందేమో చూడండి, సీళ్లని కోసేది ఎక్కువగా అదే. కొత్త మెరైన్ గేర్ ఆయిల్ కింది రంధ్రంలోంచి పైకి ఎక్కించాలి, పై రంధ్రంలోంచి బుడగలు లేకుండా ఆయిల్ వచ్చేవరకు ఎక్కించి, ముందు పై స్క్రూ బిగించి, తర్వాత కిందది చటుక్కున పెట్టేయాలి. పైనుంచి పోస్తే లోపల గాలి ఉండిపోతుంది. స్క్రూల వాషర్లు కొత్తవి వేయండి.

ఇంపెల్లర్ మార్చాలా అని చాలామంది అడుగుతారు, చూడ్డానికి బాగానే ఉంది అంటారు. ఎనిమిదేళ్లదైతే ఎలా ఉన్నా మార్చాలి. ఈ పని వాయిదా వేయకండి, ఇంజన్ ప్రాణం మొత్తం ఆ అరచేతిలో పట్టే రబ్బరు ముక్క మీదే ఉంది. గేర్ కేసు బోల్టులు తీసి, గేరు రాడ్డు విడదీసి కిందికి లాగితే, ఇంజన్ నుంచి గేర్లకి దిగే డ్రైవ్ షాఫ్టు చుట్టూ పంపు కనిపిస్తుంది. పాత ఇంపెల్లర్ తీశాక రెక్కలు లెక్కపెట్టండి. ఒక్క ముక్క తక్కువైనా అది పైకి, నీటి దారుల్లోకి వెళ్లి ఉంటుంది, దాన్ని వెతికి తీసేదాకా కొత్త ఇంపెల్లర్ వేసినా ప్రయోజనం లేదు. పంపు అడుగు ప్లేటు మీద గోరు తగిలేంత గాడి ఉంటే ప్లేటూ మార్చండి. కొత్తది ఎక్కించేటప్పుడు సబ్బు నీళ్లు రాసి, షాఫ్టుని గడియారం దిక్కున తిప్పుతూ దింపండి, రెక్కలు సరైన వైపు వంగుతాయి. ఇంపెల్లర్‌ని షాఫ్టుకి పట్టి ఉంచే చిన్న కీ జారిపోకుండా చూసుకోండి. తిరిగి బిగించేటప్పుడు రెండు జాగ్రత్తలు: నీళ్ల గొట్టం పంపు పైనున్న రబ్బరులోకి సరిగ్గా దిగాలి, లేకపోతే కొత్త ఇంపెల్లర్ ఉన్నా నీళ్లు పైకి రావు. డ్రైవ్ షాఫ్టు పళ్లకి గ్రీజు రాయండి కానీ పైకొస మీద రాయొద్దు, అక్కడ గ్రీజు పేరుకుంటే షాఫ్టు పూర్తిగా లోపలికి వెళ్లదు, గేర్ కేసు ఆనకపోతే కొందరు బోల్టులతో లాగి బిగిస్తారు, అప్పుడు క్రాంక్ మీద ఒత్తిడి పడుతుంది.

పైన, ఇంజన్ వేడిని బట్టి నీళ్ల దారి తెరిచే థర్మోస్టాట్ కూడా ఉంటుంది. ఉప్పునీళ్ల మోటార్ కాబట్టి దాని కవర్ బోల్టులు అల్యూమినియంలో బిగుసుకుని ఉంటాయి, బలంగా తిప్పితే తల తెగిపోతుంది. నూనె, హీట్ గన్, మళ్లీ నూనె, ముందు కొద్దిగా బిగించే దిక్కుకి, ఆ తర్వాత విప్పే దిక్కుకి, ఇలా రెండు రోజులు పట్టినా పట్టనివ్వండి. లోపల ఉప్పు రాయిలా గట్టిపడి ఉంటే గీకి తీయండి. థర్మోస్టాట్‌ని నీళ్లలో వేసి వేడి చేసి చూడండి, చాలావాటిలో 50 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెరుచుకోవడం మొదలవుతుంది. తెరుచుకోకపోతే కొత్తది వేయండి.

పెట్రోల్ వైపు వద్దాం. పాతదాన్ని కొత్తదాంట్లో కలిపి వాడేద్దాం అనుకోవద్దు, మొత్తం తీసేయండి. ఈమధ్య పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తోంది, అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది, తేమ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకి చేరతాయి, ఇంజన్ మొదట పీల్చేది ఆ అడుగుదే. కార్బొరేటర్‌లో తెల్లటి పొడి కనిపిస్తే అది ఈ తేమ అల్యూమినియంని తినేసిన గుర్తు. పైపు, చేత్తో నొక్కే బల్బు, ఫిల్టర్ మూడూ కొత్తవి వేయండి, బేరమాడాల్సిన చోటు కాదిది. పాత పైపు బయటికి బాగానే ఉన్నా లోపలి పొర ఊడి దారి మూసేస్తుంది, అది కళ్లకి కనిపించదు. బల్బు మీది బాణం గుర్తు ఇంజన్ వైపు ఉండాలి. ఇంజన్ మీదుండే పెట్రోల్ పంపులోని పలచటి డయాఫ్రమ్ గట్టిపడి ఉంటుంది, కిట్టు తక్కువ ఖర్చే, మార్చేయండి.

కార్బొరేటర్‌ని పైపైన స్ప్రే కొట్టి వదిలేస్తే కుదరదు, ఇంజన్ మీంచి దించాల్సిందే. దించేముందు లింకేజీలన్నీ ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. మిశ్రమం స్క్రూ ఉంటే దాన్ని మెల్లగా ఆనేదాకా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లో రాసుకుని, అప్పుడు బయటికి తీయండి, మళ్లీ పెట్టేటప్పుడు అన్ని చుట్లే తిప్పాలి. ఫ్లోట్, నీడిల్, రబ్బరు రింగులు తీసేశాకే క్లీనర్‌లో నానబెట్టండి. పెద్ద జెట్ వెలుగుకి పెట్టి చూస్తే గుండ్రంగా, అంచులు పదునుగా కనిపించాలి. మెల్లగా నడిచేటప్పుడు పనిచేసే చిన్న జెట్, దాని సన్నటి దారులు అసలు కష్టమైన చోటు, పాత పెట్రోల్ జిగురై అక్కడే గట్టిపడుతుంది. ఇనుప తీగతో పొడవొద్దు, ఇత్తడి జెట్ రంధ్రం పెద్దదైపోతుంది. నైలాన్ దారం, క్లీనర్, కళ్లద్దాలు పెట్టుకుని గాలి కొట్టడం, అంతే. ఒక వైపు స్ప్రే కొడితే రెండోవైపు ధార రావాలి, ప్రతి దారికీ అలా చూసుకోండి. తర్వాత ఇంజన్ చోక్ లాగి ఉంచితేనే నడుస్తోంది, చోక్ లోపలికి నెట్టేస్తే ఆగిపోతోంది అనిపిస్తే ఈ చిన్న దారి ఇంకా పూడుకునే ఉందని అర్థం, స్క్రూలు తిప్పి సర్దకండి, మళ్లీ దించి కడగండి.

ఆయిల్ పడవ మోటార్లకి చేసిన టీసీ డబ్ల్యూ 3 రకమే వాడాలి, బైకుల టూ స్ట్రోక్ ఆయిల్ వద్దు, నీళ్లతో చల్లబడే ఇంజన్‌లో అది ప్లగ్గుల మీదా పిస్టన్ మీదా పేరుకుంటుంది. ఎక్కువ మోటార్లకి 50:1, అంటే లీటరు పెట్రోల్‌కి 20 మిల్లీలీటర్లు, మీ మోడల్‌కి ఎంతో మాన్యువల్‌లో చూడండి. మొదటి విడతకి మాత్రం నేను లీటరుకి 40 మిల్లీలీటర్లు కలుపుతాను, ఎండిపోయిన బేరింగులకి ఆ ఎక్కువ ఆయిల్ అవసరం. పొగ వస్తుంది, రానివ్వండి.

మొదటి స్టార్ట్ ఆరుబయటే, పెద్ద డ్రమ్ములో. గట్టి చెక్కకి మోటార్ బిగించి, ప్రొపెల్లర్ తీసేసి, యాంటీ కావిటేషన్ ప్లేటు (ప్రొపెల్లర్‌కి పైన అడ్డంగా ఉండే పలక) పైన ఇంకో జానెడు నీళ్లుండేలా నింపండి. నీళ్లు లేకుండా ఒక్కసారి స్టార్ట్ చేసి చూద్దాం అనే మాట వద్దు, పొడిగా తిరిగితే కొత్త ఇంపెల్లర్ కొన్ని సెకన్లలోనే కాలుతుంది. పాత ప్లగ్గులే శుభ్రం చేసి పెట్టండి, మీరు పోసిన నూనె అంతా మండి వాటిని మసి చేస్తుంది, అది అయిపోయాక కొత్తవి వేద్దురు. ట్యాంకు మూత గాలి రంధ్రం తెరిచి, బల్బు గట్టిపడేదాకా నొక్కి, చోక్ లాగి, అప్పుడు తాడు. ఈథర్ స్ప్రేలు మాత్రం కొట్టకండి, అది సిలిండర్ గోడ మీదున్న ఆయిల్‌ని కడిగేస్తుంది, దాంట్లో ఆయిల్ ఉండదు. రాకపోతే ఆయిల్ కలిపిన పెట్రోల్‌నే కొద్దిగా కార్బొరేటర్ నోట్లో కొట్టండి.

స్టార్ట్ అయిన క్షణం నుంచి మీ చూపు ఇంజన్ మీది చిన్న రంధ్రంలోంచి బయటికొచ్చే నీళ్ల ధార మీదే ఉండాలి. అర నిమిషంలో రాకపోతే ఆపేయండి. ఆ రంధ్రంలో పురుగులు మట్టిగూడు కట్టి ఉండొచ్చు, సన్నటి తీగతో పొడిచి మళ్లీ చూడండి. ధార వస్తున్నా హెడ్ మీద ఒక నీటి చుక్క వేయండి, చుయ్‌మని ఆవిరైతే ఆపాలి. ఫ్లైవీల్ తిరుగుతున్నప్పుడు వదులు బట్టలూ వేళ్లూ దూరంగా. పది నిమిషాలు మెల్లగా నడిపి, ఆపి, చల్లారనిచ్చి, కంప్రెషన్ మళ్లీ కొలవండి. నూనె పోసిన రింగులు కదిలి ఉంటే ఈసారి అంకెలు దగ్గరకొస్తాయి.

ఆ తర్వాతే నీళ్లలోకి. ఒడ్డు దగ్గర, గాలి లేని రోజు, తెడ్లు, లైఫ్ జాకెట్లు, తోడు ఇంకొకరు. మొదటి ట్యాంకు అయ్యేవరకు పూర్తి స్పీడులో ఏకధాటిగా నడపొద్దు. ఇంజన్ గట్టిగా అరుస్తూ పడవ మాత్రం ముందుకి పోకపోతే ఇంజన్‌ని తప్పుపట్టకండి, ప్రొపెల్లర్ లోపలి రబ్బరు బుష్ పాతబడి జారుతోంది. తిరిగొచ్చాక ప్లగ్గులు చూడండి: లేత గోధుమ రంగు మంచిది, తెల్లగా కాలినట్టుంటే మిశ్రమం పలచగా ఉంది, మళ్లీ కార్బొరేటర్ దగ్గరికే వెళ్లాలి. ఉప్పునీళ్లలో నడిపిన ప్రతిసారీ మంచినీళ్ల డ్రమ్ములో పది నిమిషాలు తిప్పి, నిలువుగానే ఆరబెట్టండి.

ఎవరైనా ఫోర్ స్ట్రోక్ మోటార్ కోసం ఇది చదువుతుంటే, వరస ఇదే, కొన్ని తేడాలున్నాయి: పెట్రోల్‌లో ఆయిల్ కలపకూడదు, ఇంజన్ ఆయిలూ ఫిల్టరూ స్టార్ట్ చేయకముందే మార్చాలి, ఆయిల్ తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి, పెట్రోల్ వాసనొస్తే పంపు డయాఫ్రమ్ లీకవుతోందేమో చూసుకోవాలి, టైమింగ్ బెల్ట్ ఉంటే దాని వయసు కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ప్రస్తుతానికి ఇంపెల్లర్ కిట్టు, గేర్ ఆయిల్ తప్ప ఇంకేమీ కొనకండి. ప్లగ్గులు విప్పి, నూనె పోసి, గేర్ ఆయిల్ తీసి చూసి, రెండు సిలిండర్ల కంప్రెషన్ అంకెలూ ఆ ఆయిల్ రంగూ రాయండి. ఆ మూడూ తెలిస్తే ఈ మోటార్ మీద ఇంకా ఖర్చు పెట్టొచ్చో లేదో చెప్పగలను.